పేరు చెప్పని మందు

మా బడిలో ఏ కొత్త పని వచ్చినా తిరిగి తిరిగి బయాలజీ మేడం నెత్తినే పడుతుంది. మొక్కలు నాటే రోజు నేనే, చేతులు కడుక్కునే వారం నేనే, నులిపురుగుల మాత్రలు మింగించేదీ నేనే. ఆ ఏడు మన ప్రాంతపు మొక్కల గురించి పిల్లలకు తెలియజెప్పాలని పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లల్ని దగ్గర్లోని అడవి అంచుకో గుట్టకో తీసుకెళ్లి, అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్ల చేత చెప్పించాలట. హెడ్మాస్టరు గారు ఆ కాగితం నా ముందుకు జరిపి, "మీకు అలవాటే కదా మేడం" అన్నారు. అలవాటు కాదు సార్, ఖర్మ అందామనుకున్నాను. అనలేదు.

మా ఊరు తనకల్లు వైపు. ఇక్కడ వాన పడితే వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ; పడకపోతే బెంగళూరుకు వలస. గుట్టల మీద గాలిమరలు తిరుగుతూనే ఉంటాయి గానీ మబ్బు మాత్రం ఆగదు. మొక్కలంటే మా పిల్లలకు చెనిక్కాయ చెట్టు, టమోటా చెట్టు, కంపచెట్టు. మిగిలిందంతా వాళ్ల లెక్కలో గడ్డే. ఎక్కడికి పోదామని క్లాసులో అడిగితే ఒకడు బెంగళూరు పార్కు అన్నాడు, ఇంకొకడు సినిమా అన్నాడు. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే ఒక పిల్ల చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల క్లాసులో చెయ్యి ఎత్తడం అదే మొదటిసారి.

ఆ పిల్లది సుగాలీల తండా. చిన్నప్పుడే కదిరిలో హాస్టల్లో వేశారు. ఎనిమిదిలో మా బడికి వచ్చింది. ఆ తరగతిలో తండా నుంచి వచ్చేది తనొక్కతే. పిల్లలు ఆమెను కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు. కానీ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. "ఏ తండా, చాక్‌పీసు ఇట్లా ఇయ్యి" అనేవాళ్లు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆమె కూర్చున్న వరసలో ఎప్పుడూ కొంత చోటు ఖాళీగానే మిగిలేది. నేను చూసినప్పుడల్లా గట్టిగా అరిచేదాన్ని. నా ముందు ఆగేది, నా వెనక మళ్లీ మొలిచేది. గరికను పీకినట్టే ఉండేది నా పని.

"మా తండా గుట్టకు పోదాం మేడం" అంది ఆ పిల్ల. "మాకు పట్టా ఇచ్చిన భూమి ఆడే ఉండాది. శానా చెట్లుండాయి. మా దాదికి అన్నీ తెలుసు."

దాది అంటే వాళ్ల భాషలో నాయనమ్మ. కదిరిలో ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఆ మాటే అంటారు. మేం దూదేకులవాళ్లం, మా ఇంట్లో తెలుగే. మేం జేజి అంటాం. ఏ మాట అన్నా ఆ పిలుపులో ఒక కొసరు బెల్లం ఉంటుంది.

వెనక బెంచీలో ట్రాక్టరు మెకానిక్కు కొడుకు లేచాడు. వాడికి లేవమని ఎవరూ చెప్పనక్కర్లేదు. "మీ దాది తేలు మందు వేస్తాది గదా? మా నాయన కూడా వేయించుకున్యాడు. అది చూపిస్తాదా?"

ఆ ముసలమ్మ తేలు మందు చుట్టుపక్కల పల్లెలన్నింటికీ తెలుసు. రాళ్ల భూములు మావి. రాయి తిప్పితే తేలు. కూలీకి పోయిన ఆడవాళ్లు, గొర్రెలు తోలుకుపోయేవాళ్లు, ఎవరికి తేలు కుట్టినా ఆమె దగ్గరికే పోయేవాళ్లు. చిన్న పిల్లల్ని తీసుకొస్తే మాత్రం ముట్టుకోకుండా ఆస్పత్రికి తరిమేసేదట. పెద్దవాళ్లకు ఆమె ఏదో ఆకు తెచ్చి, అందరికీ వీపు తిప్పి, కొంగు చాటున అరచేతిలో నలిపి, నొప్పి ఎక్కినంత మేరా కిందికి రుద్దేది. అది ఏ ఆకో ఎవరికీ తెలియదు.

"చూపిస్తాది" అంది ఆ పిల్ల.

"పేరు కూడా చెప్తాదా?"

"చెప్తాది."

కదులుతున్న బస్సు ఎక్కేవాళ్లలాగా గబగబా అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని మా జేజి ఊరికే అనలేదు. కానీ ఆ పూట క్లాసంతా ఆమె వైపు తిరిగి చూస్తోంది, ఆమె ముఖం వెలిగిపోతోంది. నాకూ సంతోషంగానే అనిపించింది.

శ్రావణంలో ఒక మంచి వాన పడ్డాక బయల్దేరాం. తోడు రమ్మంటే లెక్కల సారు వచ్చాడు. మొక్కల మీద ప్రేమతో కాదు, ఫోటోలు తీసి బడి గ్రూపులో పెట్టడానికి. రోడ్డు దగ్గర బస్సు దిగి తండా దాటి గుట్ట వైపు నడిచాం. పిల్లల వరసకు ముందు ఆ పిల్ల నడుస్తోంది. ఏ వరసలోనైనా చివర ఉండే పిల్ల. "ఈడ కాలు పెట్టద్దండి, పల్లేరుండాది", "ఆ రాయి కదుల్తాది" అంటూ అందరికీ చెబుతోంది. వాన తడికి గుట్ట ఎర్రగా, పచ్చగా ఉంది. మా నేల ఏడాదిలో కొన్నాళ్లే అలా ఉంటుంది, ఆ కొన్నాళ్లకే మేం మురిసిపోతాం.

ముసలమ్మ చెనిక్కాయ చేనులో కలుపు తీస్తోంది. మమ్మల్ని చూసి కొడవలి గట్టు మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. మామూలు నైలాన్ చీర కట్టుకుంది. అద్దాల లంగా కోసం ఫోను పట్టుకుని సిద్ధంగా ఉన్న లెక్కల సారు ముఖం చిన్నబోయింది. "సార్, ఆమె చేన్లో పని చేస్తోంది, నాటకం వేయడం లేదు" అన్నాను. పిల్లలు నవ్వారు.

ఉడకబెట్టిన అలసందలు ఒక గిన్నె నిండా మోదుగాకులు కప్పి ఉంచింది మా కోసం. పిల్లలు తింటుంటే ఒక్కొక్కరి ముఖమూ చూసింది. "మా పిల్లతో సదువుకునేటోళ్లంతా మీరేనా? బాగుండారు, బాగుండారు" అంది. ఆ మాటకు మా వాళ్లలో కొందరు తల దించుకున్నారు. దించుకోవాలి కూడా.

ఆమె మొక్కల్ని చూపించిన తీరు నాకు భలే నచ్చింది. ముందు పేరు చెప్పేది కాదు. "నమలు" అనేది, "వాసన చూడు" అనేది, "చేత్తో నలుపు" అనేది. నమిలినవాడి ముఖం వంకర తిరిగాక పేరు చెప్పేది. కలివి కాయలు ఏ నెలలో పండుతాయో, మేకలు తినని ఆకేదో, ఏ కట్టె పొయ్యిలో పెడితే పొగ ఎక్కువ వస్తుందో చెప్పింది. ఒకచోట కూర్చుని మట్టి తవ్వి సన్నటి వేరు లాగి ఇచ్చింది. పిల్లలు దాని వాసన చూసి, "నన్నారి! షర్బత్తు!" అని అరిచారు. ఎండాకాలం బస్టాండులో తాగే షర్బత్తు సీసాలో పుడుతుందనే అంతదాకా వాళ్ల నమ్మకం.

ఆమెకు తెలుగులో మాట దొరకనప్పుడు మనవరాలు అందించేది. "మా దాది ఏం చెప్తాండాదంటే" అని మొదలుపెట్టేది. ఆ మెకానిక్కు కొడుకు ఉన్నట్టుండి ఆ పిల్లను పేరు పెట్టి పిలిచి, ఆ పొదకు ముళ్లెందుకు రెండు రకాలుగా ఉన్నాయని అడిగాడు. తండా అనలేదు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, తర్వాత మామూలుగానే జవాబు చెప్పింది.

అన్నం వేళకు బయల్దేరుదాం అనుకుంటుంటే వాడే మళ్లీ అడిగాడు. "అవ్వా, తేలు మందు చూపియ్యలా?"

ఆమె నవ్వింది. "అది చూపిచ్చేది గాదు నాయనా."

"చూపిస్తాదని చెప్పిందే" అంటూ మనవరాలి వైపు వేలు చూపించాడు. వాడిలో చెడ్డతనం ఏమీ లేదు. మాట ఇచ్చారు, అడిగాడు. కానీ వెనక నుంచి ఇంకెవరో, "ఉత్తిదేలే. తండావోళ్ల మాటలు" అన్నారు. ఎవరో తేలలేదు. పొద్దుటి నుంచి కట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో కూలింది. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది. పక్కనున్న ఇద్దరు అమ్మాయిలు కొంచెం జరిగారు.

ముసలమ్మ వాళ్ల భాషలో మనవరాలిని ఏదో అడిగింది. ఆ పిల్ల తల ఎత్తకుండా చిన్నగా జవాబిచ్చింది. ముసలమ్మ నా వైపు చూసి, "టీచరమ్మా, రొంత ఇట్లా రా" అంది.

ఇద్దరం రాళ్ల కట్ట అవతలికి వెళ్లాం. పిల్లలకు మా మాటలు వినిపించవు.

"ఇది చెప్పకూడని మందమ్మా" అంది. "మా అత్త కాలం తీరే ముందర నా చెవిలో చెప్పింది. చెప్పిన కాన్నుంచి ఆయమ్మ చేతిలో మందు పనిచేయలా. నా చేతికొచ్చింది. ఒకరికి చెప్తే ఆ చేతికి పోతాది. ఇంతమందికి చెప్తే యాడికి పోతాదో నాకు తెల్దు. నా తావ మాత్రం ఉండదు."

"మనవరాలికి తెలీదా ఈ సంగతి?"

"యాడ తెలుస్తాది? హాస్టల్లో పెరిగింది. పది పాసైనంక దానికే చెప్పల్లనుకుంటి. ఆ చేతికి ఇయ్యల్లనుకుంటి."

"అయితే చెప్పొద్దవ్వా. నేను పిల్లలకు సర్దిచెప్తాను."

ఆకులో ఉన్న గుణం ఆకులోనే ఉంటుంది, పేరు పలికినంత మాత్రాన ఎగిరిపోదు. ఇది నాకు తెలుసు. పాఠంలో అయితే బల్ల గుద్ది చెప్పేదాన్ని. కానీ మా నాయన పరుపులు కుట్టేవాడు. పాత దూదిలో కొత్త దూది ఎంత పాలు కలుపుతాడో మా అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. చెబితే పరుపు గట్టిపడిపోతుందని నమ్మకం. నేను నవ్వితే, "నవ్వమ్మా, పండుకునేది నువ్వే గదా" అనేవాడు. అందుకని ఆ ముసలమ్మతో వాదించడానికి నాకు మనసు రాలేదు.

ఆమె కట్ట మీద చెయ్యి ఆనించి పిల్లల వైపు చూసింది. "ఈ మందుండబట్టే టీచరమ్మా, పల్లెల్లోకి పోతే నన్ను మంచం మీద కుచ్చోబెడతారు. లేకుంటే తండా ముసిల్దాన్ని మంచం మీద ఎవరు కుచ్చోమంటారు?"

"అందుకే వద్దంటున్నా. పిల్లలు రేపటికి మర్చిపోతారు."

"మీ పిల్లోళ్లు మరిచిపోతారు. నా పిల్ల మరిచిపోదు" అంది.

ఆమె కట్ట దాటి వెళ్లి, "కుచ్చోండి నాయనా" అంది. పిల్లలు కూర్చున్నారు. గట్టు పక్కన వంగి ఒక మొక్కను వేరుతో సహా పీకింది. వీపు తిప్పలేదు, కొంగు అడ్డం పెట్టలేదు. చెయ్యి పైకెత్తి అందరికీ కనబడేలా పట్టుకుంది. లెక్కల సారు ఫోను ఎత్తాడు. "సార్" అన్నాను. ఆ ఒక్క మాట ఎలా అన్నానో గానీ, తేలు కుట్టిన దొంగలా ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ముసలమ్మ పేరు చెప్పింది. ఎలా నలపాలో, ఎక్కడి నుంచి ఎక్కడికి రుద్దాలో, రుద్దేటప్పుడు తేలు కుట్టినవాళ్ల ముఖం చూస్తూ ఏమని మాట్లాడుతుండాలో, అన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు. మనవరాలు ఆమె పక్కనే నిలబడి, మాట దొరకనిచోట అందించింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. అడగొద్దు. ఇది చదివేవాళ్లు దాన్ని తొక్కుకుంటూ తిరిగినవాళ్లే, అంతమాత్రం చెప్పగలను.

"ఇదా?" అన్నాడు మెకానిక్కు కొడుకు. "ఇది మా దొడ్లో ఉండాది గదా!"

"మా ఇంటికాడ గూడా ఉండాది."

"మేం ఊడ్చి పారేస్తాం దీన్ని."

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత పుట్టింది ఇలాంటి ముఖాలు చూసే. కొండ మీద ఎక్కడో రాతి సందులో, రాత్రిపూట వెలిగే మూలిక ఏదో ఉంటుందని అనుకున్నారు పాపం. నాకు ఒళ్లు మండింది. ఆమె ఏమి ఇచ్చేసిందో వీళ్లకు తెలియదు. తెలియకూడదు కూడా. అది తెలిస్తే ఆ పిల్లకూ తెలుస్తుంది.

ముసలమ్మ మాత్రం వాళ్లతో కలిసి నవ్వింది. "ఊ, అందరి దొడ్లోనూ ఉండాది. ఎవరన్నా పీకిరా?" అంది. పిల్లలు ఆ మొక్కను చేతులు మార్చుకుని చూశారు. మనవరాలు ఊపిరి పీల్చుకుంది. తను ఇచ్చిన మాట నిలబడింది, అంతవరకే ఆ పిల్లకు తెలుసు. తిరుగు బస్సులో ఆమె మధ్యలో కూర్చుంది, చుట్టూ మిగతా అమ్మాయిలు. ఎవరో అలసందలు దాచి తెచ్చి పంచారు. నేను ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాను. కండ్లు తడిసి ఉంటే పిల్లలకు ఏమని చెప్పాలి?

ఆ తర్వాత అన్నం దగ్గర ఆ పిల్ల పక్కన ఖాళీ ఉండేది కాదు. పిల్లలు ఏమీ జరగనట్టే మారిపోయారు. మొక్క పేరు కూడా, ముసలమ్మ అన్నట్టే, చాలామంది మర్చిపోయారు. యూనిట్ పరీక్షలో ఒక ప్రశ్నగా అడిగితే సగం మంది తులసి అని రాశారు. తులసి రాస్తే మార్కు పడుతుందని వాళ్ల ధీమా.

కొన్ని వారాలకు ఆ పిల్ల ల్యాబు గదికి వచ్చింది. నేను ఎండిన ఆకుల్ని అట్టల మీద అతికిస్తున్నాను. వచ్చి నిలబడింది. ఏమ్మా అంటే ఏడుపు అందుకుంది.

"మా దాది మందు వేయనంటాండాది మేడం. నిన్న పక్క పల్లె నుంచి ఒకాయమ్మ వచ్చినాది, చెయ్యి పట్టుకోని ఏడ్చుకుంటా. నా తావ లేదు, ఆస్పత్రికి పో అని పంపిచ్చేసినాది. బడి పిల్లోళ్లకు చెప్పేసినా, ఇంగ నా చేతిలో పనిచేయదు అనింది. మా నాయన తిట్టినాడు నన్ను. నేనే గదా మేడం మాటిచ్చింది?"

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. బయాలజీ మేడంగా చెప్పాల్సింది చెప్పాను. ఆకులో గుణం ఉంటే అది ఎవరి చేతిలోనైనా ఉంటుంది, లేకపోతే ఎవరి చేతిలోనూ ఉండదు. చెప్పడానికీ చెప్పకపోవడానికీ దానితో పని లేదు. అన్నీ నిజాలే. ఆ పిల్ల అంతా శ్రద్ధగా విని, "మీరొచ్చి మా దాదికి చెప్తారా మేడం?" అంది.

"చెప్తే వింటుందా?"

"వినదు" అంది, ముక్కు తుడుచుకుంటూ.

"మీ దాది నీ మీద కోపంగా ఉందా?"

"లేదు మేడం. కోపమన్నా ఉంటే బాగుండు. ఎవరన్నా పల్లెలోకి పిలిస్తే, ఇంగ ఏంటికిలే అంటాండాది. పోయేదే మానుకునింది."

దగ్గరకు తీసుకుని వీపు నిమిరాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. ఉత్తర్వు రాసిన పెద్దలు ఎవరో, వాళ్లను పిలిచి ఈ పిల్లకు జవాబు చెప్పమనాలనిపించింది.

దసరా సెలవులు వచ్చాయి. సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు ఆ పిల్ల గేటు దగ్గరే నా కోసం కాచుకుని ఉంది. ముఖం చూస్తేనే తెలిసింది, ఏదో మంచి వార్త.

"మేడం, చెనిక్కాయ కట్టె కుప్ప వేస్తాంటే మా దాదికి తేలు కుట్టినాది. కాలికి. పొద్దున పూట. ఇంట్లో ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. దాది వద్దనింది. నేను ఇననే లేదు. ఆకు పీక్కొచ్చి, ఆపొద్దు చెప్పినట్లే నలిపి రుద్దినాను. ముఖం చూస్తా మాట్లాడినాను. మేడం, తగ్గిపోయినాది. దిగిపోయిందమ్మా అని దాదే చెప్పినాది. నీ చేతికొచ్చింది, ఇంగ నువ్వే వెయ్యల్ల అనింది."

ఒక్క ఊపిరిలో చెప్పేసి, కుడి అరచెయ్యి నా ముందు చాపింది. సిరా మరక, గోళ్లలో మట్టి. నేను ఆ చేతిని పట్టుకుని బాగా చూసినట్టు చూశాను.

"అంతమందికి చెప్పినా, నా చేతికే వచ్చినాది మేడం."

"మరి పెద్ద వైద్యురాలివైపోయావన్నమాట. చిన్న పిల్లల్ని ఎవరైనా తీసుకొస్తే?"

"ఆస్పత్రికే. దాది కూడా అట్లనే చేసేది గదా. పెద్దోళ్లకు గూడా రుద్దినంక ఆస్పత్రికి పొమ్మంటాండా. మీరు తిడతారని." నవ్వింది. "మొన్న పై పల్లెకు పిలిచినారు మేడం. రెడ్డోళ్ల ఇంట్లో ముసలాయనకు కుట్టినాది. వాళ్లింట్లో నన్ను మంచం మీద కుచ్చోబెట్టినారు."

ఆ చివరి మాటకు ఆ పిల్ల పెద్ద విలువేమీ ఇవ్వలేదు. మజ్జిగ ఇచ్చారు, మంచం మీద కూర్చోబెట్టారు అన్నట్టే చెప్పింది. నేను మాత్రం ఆ రోజు పాఠంలో మాటిమాటికీ తప్పులు చెప్పాను. పిల్లలు మేడంకు జ్వరమేమో అనుకున్నారు.

ఆ ఆదివారం కదిరి పోవడానికి తనకల్లు బస్టాండుకు వచ్చాను. ముసలమ్మ అక్కడ గోడ నీడలో కూర్చుని ఉంది. పక్కన సీతాఫలాల గంప. గుట్ట మీది పండ్లు, గోరంట్లలో అమ్మడానికి తీసుకెళ్తోంది. నన్ను చూసి, "దా టీచరమ్మా" అని పక్కన చోటు తుడిచింది. మనవరాలు నీళ్లు తేవడానికి పోయిందట.

కూర్చున్నాక చూశాను. చీర అంచు కింద ఎడమ కాలు. మడమ నుంచి పిక్క దాకా వాచి, చర్మం నున్నగా మెరుస్తోంది. కుట్టినచోట నల్లగా మచ్చ కట్టింది. నేను చూడడం చూసి ఆమె చీర కిందికి లాక్కుంది.

"తగ్గిపోయిందన్నావంట కదవ్వా?"

ఆమె ముందు కొళాయి వైపు చూసింది. మనవరాలు వరసలో నిలబడి ఉంది, ఇటు చూడడం లేదు.

"యాడ తగ్గిందమ్మా" అంది నెమ్మదిగా. "ప్రాణం పోయినట్లాయ. ఆ పిల్ల నా కాలు ఒళ్లో పెట్టుకోని నా ముఖంలోకే చూస్తాండాది. తగ్గిందా దాదీ, తగ్గిందా దాదీ అంటాండాది. తగ్గిందనంటి. అది నీళ్లకు పోయినంక కొంగు నోట్లో కుక్కోని ఏడిస్తి."

"ఆస్పత్రికన్నా పోవాల్సింది."

"పోతే పిల్లకు తెలిసిపోదా?"

నాకు పట్టరాని కోపం వచ్చింది. "ప్రాణం మీదికొస్తే ఏం చేసేదానివి? నీకేమన్నా బుద్ధి ఉందా అవ్వా?" అన్నాను. పెద్దామెను అలా అనకూడదు. అన్నాను.

ఆమెకు కోపం రాలేదు. "ఎర్ర తేలు గాదులే, నల్లదే. ఆ మాత్రం నాకు తెల్దా?" అంది. గంపలో పండ్లు అటూ ఇటూ సర్దింది. "నా చేతిలోంచి పోయింది. పోతే పోనీ. యాడికో పోకుండా దాని చేతికే వచ్చిందని ఎవురో ఒగరు చెప్పల్ల గదా టీచరమ్మా. నేను చెప్పకుంటే దానికి ఎవురు చెప్తారు?"

ఇంతలో ఆ పిల్ల బాటిలు నింపుకుని వచ్చింది. నన్ను చూసి నవ్వింది. "మేడం, చూసినారా మా దాదిని? కుట్టినట్లే లేదు గదా?"

ముసలమ్మ నా వైపు చూసింది. బతిమాలినట్టు కాదు, హెచ్చరించినట్టూ కాదు. ఊరికే చూసింది. పాఠాల్లో ఎన్ని నిజాలు చెప్పానో నాకు లెక్క లేదు. ఆ పూట మాత్రం, "నీ చెయ్యి మంచిది తల్లీ" అన్నాను.

గోరంట్ల వైపు బస్సు వచ్చింది. దూరంగా, రోడ్డుకు అవతల ఆగింది. "దాదీ, గంప నేను ఎత్తుకుంటా, నువ్వు పట్టుకోని రా" అని ఆ పిల్ల చెయ్యి అందించింది. ముసలమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ ఆసరా కూడా తీసుకోలేదు. లేచి నిలబడి, గంప తన తల మీదే పెట్టుకుంది. మనవరాలు పక్కనే నడుస్తూ ఆ కాలినే చూస్తోంది. ముసలమ్మ వాచిన కాలి మీద బరువంతా మోపి, ఒక్కసారైనా కుంటకుండా రోడ్డు దాటి బస్సెక్కింది.